రెండు నోటుపుస్తకాలు: మసతాకా తకెత్సురు జీవితం

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మనలో ప్రతి ఒక్కరూ ఎన్నో రిపోర్టులు రాశాం. పై అధికారి అడిగితే కొన్ని, ఎవరూ అడగకపోయినా సంస్థ బాగు కోరి కొన్ని. వాటిలో ఎన్ని అమలుకు నోచుకున్నాయి, ఎన్ని బీరువాల్లో చెదలపాలయ్యాయి అని ఇప్పుడు లెక్క తీస్తే మనసు చివుక్కుమంటుంది. రాత్రింబవళ్ళు కష్టపడి తయారుచేసిన కాగితాల మీద ఒక్క సంతకం పడక ఫైలు మూలనపడితే ఆ శ్రమంతా వృథాయేనా? పదవీ విరమణ చేసిన ప్రతివారి మనసులోనూ ఎప్పుడో ఒకప్పుడు మెదిలే ప్రశ్న ఇది. ఇలాంటి అనుభవమే ఎదురైన ఒక జపాన్ ఉద్యోగి జీవితాన్ని ఈ ప్రత్యేక సంచికలో మన సభ్యులకు, వారి కుటుంబ సభ్యులకు పరిచయం చేస్తున్నాం.

ఆయన పేరు మసతాకా తకెత్సురు. జపాన్ దేశంలో విస్కీ పరిశ్రమకు పునాది వేసినవారిలో ప్రథముడు. ఆయన తయారుచేసిన వస్తువు పేరు చూసి పాఠకులు నొచ్చుకోనవసరం లేదు. మద్యపానాన్ని పొగడడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక వృత్తిని నమ్ముకున్న మనిషి ఎంత దూరం నడిచాడు, ఎవరెవరు ఆ నడకకు మూల్యం చెల్లించారు అన్నదే ఇక్కడ మనకు ముఖ్యం.

బాల్యం, చదువు, తొలి ఉద్యోగం

హిరోషిమా ప్రాంతంలో సముద్ర తీరాన తకెహారా అనే చిన్న పట్టణం ఉంది. బియ్యాన్ని పులియబెట్టి చేసే సాకే అనే పానీయం ఆ ఊరికి పేరు తెచ్చింది. 1733 నుంచి తరతరాలుగా సాకే తయారుచేస్తున్న కుటుంబంలో 1894 జూన్ 20న మసతాకా మూడో కొడుకుగా జన్మించారు. అన్నలిద్దరూ వేరే దారులు చూసుకోవడంతో ఇంటి వృత్తి ఈయనే నిలబెడతాడని తండ్రి ఆశించారు. అందుకు తగ్గట్టే ఒసాకా నగరంలోని సాంకేతిక విద్యాలయంలో పులియబెట్టే శాస్త్రం చదివించారు.

చదువుకునే రోజుల్లోనే ఆయనకు పాశ్చాత్య పానీయాల మీద ఆసక్తి కలిగింది. 1916లో ఒసాకాలోని సెత్సు షుజో అనే కంపెనీలో చేరారు. అదే విద్యాలయంలో చదివిన సీనియర్ కియిచిరో ఇవాయి అక్కడ పెద్ద హోదాలో ఉండేవారు. ఆ రోజుల్లో జపాన్‌లో విస్కీ పేరుతో అమ్ముడయ్యేది చాలావరకు నకిలీ సరుకే. చవక ఆల్కహాలులో రంగు, వాసన కలిపి సీసాల్లో నింపేవారు. అసలు విస్కీ ఎలా తయారవుతుందో దేశంలో తెలిసినవారు లేరు. కంపెనీ అధిపతి కిహెయి ఆబే ఈ యువకుడి పట్టుదల చూసి, స్కాట్లాండ్ వెళ్ళి పని నేర్చుకుని రమ్మన్నారు. ఇంటి వృత్తి వదులుకోవాల్సి వచ్చినా తండ్రి చివరకు ఒప్పుకున్నారు.

స్కాట్లాండ్‌లో అప్రెంటిస్

1918 జూలైలో కోబే రేవులో ఓడ ఎక్కిన తకెత్సురు అమెరికా మీదుగా ప్రయాణించి ఆ ఏడాది డిసెంబరుకు బ్రిటన్ చేరారు. మొదటి ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. ఆయన వయసు 24 ఏళ్ళు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం తరగతులకు హాజరయ్యారు. కానీ కావలసింది పుస్తకాల చదువు కాదు, ఫ్యాక్టరీలో పని. అక్కడి ఫ్యాక్టరీ యజమానులు ముక్కూమొహం తెలియని విదేశీయుణ్ణి లోపలికి రానిచ్చి కిటుకులు చెప్పడానికి సిద్ధంగా లేరు. విస్కీ తయారీ మీద ప్రామాణిక గ్రంథం రాసిన నెటిల్టన్ అనే నిపుణుణ్ణి వెతుక్కుంటూ ఎల్గిన్ పట్టణం వెళితే, నేర్పడానికి ఆయన అడిగిన రుసుము ఈయన భరించలేనంత పెద్దది. నిరాశపడకుండా ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల తలుపులు తట్టారు. 1919 ఏప్రిల్‌లో లాంగ్‌మార్న్ అనే ఫ్యాక్టరీ మేనేజరు అయిదు రోజులు లోపల ఉండి చూసుకోవడానికి ఒప్పుకున్నారు.

విస్కీ తయారీ క్లుప్తంగా ఇది. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తిస్తారు. ఆ మొలకలను పీట్ పొగ మీద ఆరబెడతారు. చిత్తడి నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకుపోయిన నాచు, మొక్కల మట్టినే పీట్ అంటారు. తవ్వి ఎండబెడితే అది పిడకలా మండుతుంది. ఆరిన మొలకల పిండిని వేడినీళ్ళలో కలిపి తీపి రసం తీసి, పులియబెట్టి, రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి ఆవిరిని చల్లారుస్తారు. అలా వచ్చినదాన్ని ఓక్ చెక్క పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి నిలవ ఉంచుతారు. ప్రతి ఏడూ పీపాలోంచి కొంత ఆవిరైపోతూనే ఉంటుంది. మిగిలినదానికి రంగు, రుచి వచ్చేది ఆ నిరీక్షణలోనే. అంటే ఈ రోజు పెట్టిన పెట్టుబడికి ఫలితం అయిదేళ్ళకో పదేళ్ళకో గాని కనబడదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే తకెత్సురు జీవితంలోని కష్టాలన్నీ మనకు సులభంగా అర్థమవుతాయి.

అదే ఏడాది జూలైలో బోనెస్ అనే ఊళ్ళో మరో రకం బట్టీ పని నేర్చుకున్నారు. ఐర్లండ్‌లో ఎక్సైజు అధికారిగా పనిచేసి రాజీనామా చేసిన ఈనియాస్ కాఫీ 1830లో పేటెంటు పొందిన నిలువు స్తంభాల బట్టీ అది. ఆగకుండా నడుస్తుంది. 1920 మొదటి నెలల్లో కాంప్‌బెల్‌టౌన్ పట్టణంలోని హేజల్‌బర్న్ ఫ్యాక్టరీలో ఎక్కువ కాలం ఉండి, మేనేజరు ఇన్నెస్ దగ్గర అన్ని దశల పనీ స్వయంగా చేశారు.

పగలంతా కూలివాళ్ళతో కలిసి పని, రాత్రి దీపం ముందు రాత. ఏ గింజ ఎన్ని గంటలు నానాలి, వేడి ఎంత ఉండాలి, బట్టీ మెడ ఏ వంపులో ఉండాలి, పీపా చెక్క ఎలా ఉండాలి అన్నీ బొమ్మలు గీసి, కొలతలు వేసి రాసుకున్నారు. 1920 మే నెలకు అది రెండు నోటుపుస్తకాల రిపోర్టుగా తయారైంది. తనను పంపిన అధికారి ఇవాయికి సమర్పించడానికి రాసిన రిపోర్టు అది. జపాన్ భాషలో విస్కీ తయారీని అంత వివరంగా తెలిపినది అంతకు ముందు లేదు.

రీటా

గ్లాస్గో దగ్గర కర్కిన్‌టిలాక్ అనే ఊళ్ళో కోవన్ అనే డాక్టరుగారి కుటుంబం ఉండేది. డాక్టరుగారు 1918లో పోయారు. ఆ ఇంటి అబ్బాయికి జూడో నేర్పడానికి వెళ్ళివచ్చే తకెత్సురుకు, ఆ ఇంటి పెద్దమ్మాయి జెస్సీ రొబెర్టాతో పరిచయమైంది. ఇంట్లో ఆమెను రీటా అని పిలిచేవారు. ఇరువైపులా పెద్దలకు ఇష్టం లేకపోయినా 1920 జనవరి 8న గ్లాస్గోలోని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి ఆయనకు 25, ఆమెకు 23 ఏళ్ళు. కావాలంటే స్కాట్లాండ్‌లోనే ఉండిపోతానని ఆయన అన్నారనీ, విస్కీ చేయాలన్న కలను వదులుకోవద్దని ఆమే జపాన్‌కు బయలుదేరదీసిందనీ చెబుతారు.

బీరువాలో పడ్డ రిపోర్టు

1920 నవంబరులో దంపతులు జపాన్ చేరారు. ఈ లోగా యుద్ధకాలపు వ్యాపార జోరు తగ్గి దేశంలో మాంద్యం వచ్చిపడింది. ఇన్నేళ్ళు నిలవ పెడితేగాని పైసా రాని వ్యాపారంలో డబ్బు పెట్టడానికి కంపెనీ భాగస్వాములు ఒప్పుకోలేదు. రెండేళ్ళ శ్రమ, సముద్రాలు దాటిన ప్రయాణం, రెండు నోటుపుస్తకాలు, అన్నీ ఉన్నచోటే ఆగిపోయాయి. పాత పద్ధతిలోనే రంగు కలిపిన సరుకు చేస్తూ జీతం తీసుకోవడం ఆయన మనసుకు ఎక్కలేదు. 1922లో రాజీనామా చేశారు.

ఇల్లు గడవాలి కదా. తకెత్సురు ఒక మిడిల్ స్కూలులో కెమిస్ట్రీ మాస్టారుగా చేరారు. రీటా పిల్లలకు ఇంగ్లీషు, పియానో నేర్పేది. భాష రాని దేశంలో, తెలియని తిండితో, అత్తవారింటి పద్ధతులు నేర్చుకుంటూ ఆ తల్లి సంసారాన్ని ఈదుకొచ్చింది.

యమజాకి ఫ్యాక్టరీ

ఒసాకాలోనే షింజిరో తోరీ అనే వ్యాపారవేత్త ఉండేవారు. 1907లో అకదామా అనే తీపి వైను తెచ్చి బాగా సంపాదించారు. ఆయన కంపెనీ కొతొబుకియా తర్వాతి కాలంలో సంతోరీగా ప్రసిద్ధమైంది. జపాన్ గడ్డ మీద అసలైన విస్కీ చేయాలని ఆయన సంకల్పించి 1923లో తకెత్సురును పిలిపించారు. పదేళ్ళ ఒప్పందం, ఏడాదికి 4,000 యెన్‌ల జీతం. అది ఆ రోజుల్లో చాలా పెద్ద మొత్తం. స్కాట్లాండ్ నుంచి నిపుణుణ్ణి రప్పిస్తే ఇవ్వాలనుకున్న జీతమే ఈయనకు ఇచ్చారని అంటారు.

స్థలం విషయంలో ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. చలి, పీట్ రెండూ ఉన్న ఉత్తరాది హొక్కాయిదో దీవి మంచిదని తకెత్సురు అన్నారు. కొనేవాళ్ళకు దగ్గరగా, నలుగురూ వచ్చి చూసేలా ఉండాలని తోరీ పట్టుబట్టారు. చివరికి క్యోటో, ఒసాకాల మధ్య మంచి నీటికి పేరుపడ్డ యమజాకి ఖాయమైంది. స్కాట్లాండ్‌లో చూసిన కొలతల ప్రకారం ఒసాకాలోనే రాగి బట్టీలు చేయించి, యోదో నది మీదుగా స్టీమరులో తెచ్చారు. 1924 నవంబరులో ఫ్యాక్టరీ పూర్తయింది. లోపలికి బండ్ల కొద్దీ బార్లీ పోతోందే గాని బయటికి ఏమీ రావడం లేదని చూసి, లోపల బార్లీ తినే భూతం ఒకటుందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పుకునేవారట.

1929లో సంతోరీ షిరోఫుదా, అంటే తెల్ల లేబుల్, మార్కెట్లోకి వచ్చింది. స్కాట్లాండ్ పద్ధతిలో పొగ వాసన దండిగా ఉన్న ఆ సరుకు జపాన్ జనానికి నచ్చలేదు. అమ్మకాలు పడిపోయాయి. తకెత్సురును యోకొహామాలో కంపెనీ కొన్న బీరు ఫ్యాక్టరీ బాధ్యతలకు మార్చారు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతికొచ్చినప్పుడు కుటుంబం ఎలా ఉంటుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడా ఆయన మనసుపెట్టి పనిచేశారు. కొన్నాళ్ళకు ఆ ఫ్యాక్టరీని కూడా కంపెనీ అమ్మేసింది. ఒప్పందం గడువు తీరిపోయింది. 1934 మార్చిలో ఆయన బయటికి వచ్చారు. ఇందులో ఒకరిది తప్పని చెప్పడం కష్టం. తోరీ కొనేవారి రుచిని బట్టి ఆలోచించారు, తకెత్సురు నేర్చుకున్న పద్ధతిని బట్టి ఆలోచించారు. ఇద్దరి దారులూ జపాన్ విస్కీకి మేలే చేశాయి.

నలభయ్యవ ఏట కొత్త బతుకు

మనలో చాలామంది ఇంక్రిమెంట్లు లెక్క వేసుకునే వయసులో, నలభై ఏళ్ళప్పుడు, ఆయన సొంత కంపెనీ పెట్టారు. హొక్కాయిదోలో సముద్రం, కొండల మధ్య ఉన్న యోయిచి అనే ఊరు ఎంచుకున్నారు. చల్లని తడిగాలి, మంచి నీళ్ళు, పీట్, బొగ్గు అన్నీ దగ్గర్లో ఉన్న ఊరు. కాంప్‌బెల్‌టౌన్‌ను తలపించే ఊరు. ముగ్గురు ధనికులు పెట్టుబడి పెట్టారు.

1934 జూలైలో పుట్టిన ఆ కంపెనీ పేరు దాయ్ నిప్పోన్ కాజు. అంటే పళ్ళరసాల కంపెనీ. విస్కీ పక్వానికి వచ్చేలోపు జీతాలివ్వాలి గనుక, అక్కడ విరివిగా పండే ఆపిల్ పళ్ళతో రసం తీసి అమ్మాలని పథకం. రైతుల దగ్గర పళ్ళు కొని నీళ్ళు, చక్కెర కలపని స్వచ్ఛమైన రసం చేశారు. ధర ఎక్కువ కావడంతో అది అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. అయినా కల్తీకి ఒప్పుకోలేదు. 1936లో డబ్బు చాలక ఒక్క రాగి బట్టీయే కొని, రెండు బట్టీలు చేయవలసిన పనిని దానితోనే చేయించారు. 1940లో మొదటి విస్కీ బయటికి వచ్చింది. నిప్పోన్, కాజు మాటల మొదటి అక్షరాలు కలిపి దానికి నిక్కా అని పేరు పెట్టారు. బ్రిటన్‌లో ఓడ దిగిననాటి నుంచి తన పేరు మీద సీసా చూసుకోవడానికి 22 ఏళ్ళు పట్టింది.

యుద్ధం, సంసారం

యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీని నౌకాదళం తన అవసరాలకు నిర్దేశించింది. బార్లీ సరఫరా ఆగలేదు, కార్మికులకు పని పోలేదు. కానీ ఇంట్లో రీటాకు నరకం. ఆమె జపాన్ పౌరసత్వం తీసుకుంది, జపాన్ భాష మాట్లాడేది, జపాన్ వంట వండేది. అయినా మొహం చూసి శత్రుదేశపు మనిషన్నారు. పోలీసులు వెంట నిఘా పెట్టారు. ఇంటి మీది రేడియో తీగ చూసి శత్రువులకు రహస్యాలు పంపుతోందేమోనని సోదా చేశారు. పుట్టింటితో ఉత్తరాలు తెగిపోయాయి. భర్తకు కీర్తి తెచ్చిన ఊళ్ళోనే భార్య గుమ్మం దాటడానికి జంకిన రోజులవి.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. 1930లో ఒక ఆడపిల్లను, 1943లో మేనల్లుడు తకేషిని పెంచుకున్నారు. తకేషి తర్వాత కంపెనీలోనే చేరి పెంపుడు తండ్రి విద్య అందుకున్నారు.

యుద్ధం ముగిశాక దేశంలో తిండికే కటకట. మార్కెట్లో చవక విస్కీ రాజ్యమేలింది. అసలు మాల్ట్ చుక్క కూడా లేకుండా అమ్మినా చట్టం కాదనేది కాదు. తకెత్సురు నాసిరకం చేయనని ఏళ్ళపాటు భీష్మించారు. దాంతో కంపెనీ ఆర్థికంగా కుంగిపోయింది. ఒకవైపు తన నియమం, మరోవైపు తనను నమ్ముకున్న కార్మికుల జీతాలు. చివరకు 1950లో ఆ తరగతి సరుకు చేయడానికి తలవంచారు. అయితే ఆ తరగతికి చట్టం అనుమతించిన గరిష్ఠ మోతాదు, నూటికి 5 పాళ్ళ మాల్ట్ వేయించారు. రుచి కోసం కృత్రిమ పదార్థాలు కలపనివ్వలేదు. నియమాన్ని పూర్తిగా వదలకుండా కార్మికుల పొట్ట నింపిన పద్ధతి అది. 1952లో కంపెనీ పేరు నిక్కా విస్కీగా మారింది.

1961 జనవరి 17న రీటా యోయిచిలో కన్నుమూసింది. ఆమెకు 64 ఏళ్ళు. ఆయన గది తలుపులు వేసుకుని రెండు రోజులు బయటికి రాలేదనీ, దహనానికి కూడా వెళ్ళలేకపోయారనీ చెబుతారు. తర్వాత తకేషితో కలిసి పనిలో మునిగి, 1962లో ఆమె జ్ఞాపకంగా సూపర్ నిక్కా తెచ్చారు. దాని సీసాలు నోటితో ఊది చేసినవి.

విశ్రాంతి లేని వృద్ధాప్యం

69వ ఏట, 1963లో, బోనెస్‌లో తాను పని నేర్చుకున్న తరహా కాఫీ బట్టీని స్కాట్లాండ్ నుంచి తెప్పించి నిషినొమియాలో పెట్టించారు. అప్పటికే అంతకన్నా వేగంగా, చవకగా పనిచేసే యంత్రాలు వచ్చాయి. కానీ పాత బట్టీలో ధాన్యం వాసన నిలుస్తుందని దాన్నే కోరుకున్నారు. 1919లో నేర్చుకున్న పనికి 44 ఏళ్ళ తర్వాత యంత్రం దొరికిందన్నమాట. సెందాయి నగరం దగ్గర రెండు నదులు కలిసేచోట, ఆ నీళ్ళు తన విస్కీలో కలుపుకుని రుచి చూసి, అక్కడికక్కడే స్థలం ఖాయం చేశారు. ఆ ఫ్యాక్టరీ 1969లో మొదలైంది. అనవసరంగా చెట్లు కొట్టవద్దని, నేల ఎగుడుదిగుళ్ళను అలాగే ఉంచమని, కరెంటు తీగలు భూమిలోంచి వేయమని ఆయన ఆజ్ఞ.

1979 ఆగస్టు 29న 85వ ఏట తకెత్సురు మరణించారు. యోయిచిలో కొండ మీద, ఫ్యాక్టరీ కనిపించేచోట రీటా పక్కనే ఆయన సమాధి ఉంది.

రిపోర్టు ఏమైంది?

ఇక మనం మొదట వేసుకున్న ప్రశ్న మిగిలింది. ఇవాయికి సమర్పించిన ఆ రెండు నోటుపుస్తకాలు ఏమయ్యాయి? రిపోర్టు రాసిన 40 ఏళ్ళకు, 1960లో, హొంబో అనే మరో సంస్థ యమనాషి ప్రాంతంలో మార్స్ విస్కీ ఫ్యాక్టరీ కట్టింది. దానికి రూపకల్పన చేసింది వృద్ధుడైన ఇవాయి. ఆనాటి జూనియర్ రాసి ఇచ్చిన కొలతలే ఆధారంగా బట్టీలు చేయించారు. అంటే ఆ రిపోర్టు ఏ కంపెనీ కోసం రాశారో అక్కడ తప్ప మిగిలిన మూడు చోట్లా పనికొచ్చింది. యమజాకిలో తోరీకి, యోయిచిలో తనకు, చివరకు హొంబోకి. 1960లలో జపాన్ వచ్చిన ఒక బ్రిటిష్ మంత్రి, ఒక కుర్రాడు ఒక్క ఫౌంటెన్ పెన్నుతో తమ విస్కీ రహస్యాలన్నీ పట్టుకుపోయాడని సరదాగా అన్నారని చెబుతారు.

2001లో ఒక అంతర్జాతీయ విస్కీ పత్రిక జరిపిన పోటీలో యోయిచి పదేళ్ళ విస్కీకి ప్రథమ స్థానం దక్కింది. 2014–15లో ఆ దంపతుల జీవితం ఆధారంగా జపాన్ ప్రజా ప్రసార సంస్థ మస్సాన్ అనే టీవీ సీరియల్ ప్రసారం చేస్తే దేశమంతా చూసింది. యోయిచిలో బట్టీల కింద ఈనాటికీ బొగ్గునే మండిస్తారు. సాకే చేసే తన పుట్టింటి ఆచారం ప్రకారం బట్టీల మెడకు పవిత్రమైన గడ్డితాడు కట్టే పద్ధతీ ఉంది. ఒకప్పుడు అనుమానంగా చూసిన ఆ ఊళ్ళోనే స్టేషను ముందునుంచి పోయే వీధికి రీటా పేరు పెట్టారు.

అన్ని రిపోర్టులకూ ఇలాంటి అదృష్టం పట్టదు. కానీ తకెత్సురు ఆ రాత్రుళ్ళు దీపం ముందు కూర్చున్నప్పుడు అది అమలవుతుందో లేదో తెలిసి రాయలేదు. తెలియకపోయినా ఒక్క కొలత కూడా ఉజ్జాయింపుగా వేయలేదు. అందుకే 40 ఏళ్ళ తర్వాత తెరిచి చూసినా అది పనికొచ్చింది. మన సభ్యులు రాసి వచ్చిన ఫైళ్ళను ఎవరో ఒక కొత్త ఉద్యోగి ఏదో ఒక రోజు తెరవవచ్చు. ఆ రోజు మన పేరు వారికి తెలియకపోయినా, మనం వేసిన లెక్క సరిగా ఉంటే చాలు.